కాపా మూసేస్తే లోపం మూసుకుంటుందా?

ఈ నెల ప్రశ్నలన్నీ వైద్య పరికరాల తయారీ, అమ్మకాల రంగంలో పనిచేస్తున్నవారివి. కంపెనీల పేర్లు తీసేసి వేస్తున్నాం. కాపా అంటే లోపానికి కారణం కనిపెట్టి సరిదిద్ది, అది మళ్లీ రాకుండా తీసుకునే చర్యల రికార్డు.

ప్రశ్న: కాథెటర్లు తయారుచేసే యూనిట్‌లో క్వాలిటీ ఇంజినీరుని. ఏడు నెలల్లో మూడోసారి పౌచ్ సీల్ విడిపోయింది. మొదటి రెండుసార్లూ కారణం ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’, చర్య ‘మళ్లీ శిక్షణ’ అని రాసి కాపా మూసేశాం. ఈసారి అలా రాయనన్నాను. ‘30 రోజుల్లో మూయకపోతే నీ అప్రైజల్‌లో తేలుతుంది’ అంటున్నారు మా మేనేజర్. ఏం చెయ్యను? – కె.ఎస్., సంగారెడ్డి జిల్లా

మీ పట్టుదల సరైనదే. కానీ ‘రాయను’ అని ఊరుకుంటే మీరు మొండివారుగా మిగులుతారు. రాయవలసింది ఏమిటో మీరే తేల్చి చూపించాలి.

ముందుగా విడిపోయిన పౌచ్‌లన్నీ బల్ల మీద పరిచి, సీల్ ఏ వైపు తెరుచుకుందో చూడండి. సాధారణంగా మూడు వైపులా పౌచ్ సరఫరాదారు అతికించి పంపిస్తాడు, నాలుగో వైపు మాత్రమే మీ దగ్గర అతుకుతుంది. తెరుచుకున్నది సరఫరాదారు వైపయితే మీ ఆపరేటర్‌కి దాంతో సంబంధమే లేదు. మీ వైపే అయితే, ప్రతిసారీ ఒకే మూల దగ్గర తెరుచుకుంటోందా? అప్పుడు యంత్రంలో ఆ మూల దగ్గర రబ్బరు ప్యాడ్ గట్టిపడిందేమో, టెఫ్లాన్ గుడ్డ కాలిపోయి ముడత పడిందేమో చూడండి. అక్కడొకటి ఇక్కడొకటిగా తెరుచుకుంటే వేడి, ఒత్తిడి, అతికే సమయం – ఈ మూడింటిలో ఏదో నిలకడగా లేదు. డిస్‌ప్లేలో కనిపించే ఉష్ణోగ్రతను నమ్మకండి. కాలిబ్రేషన్ చేసిన (సరిగ్గా కొలుస్తోందని సరిచూసిన) థర్మోకపుల్‌ని, అంటే వేడి కొలిచే తీగని, హీటింగ్ బార్ మీద మూడు చోట్ల పెట్టి కొలవండి. కంప్రెసర్ పక్క లైనుతో పంచుకుంటున్నారా? ఆ లైన్ నడిచినప్పుడల్లా మీ గాలి ఒత్తిడి పడిపోతుంది, అది ఎవరి రికార్డులోనూ ఎక్కదు. షిఫ్టు మొదలైన మొదటి పావుగంటలో అతికినవే ఎక్కువగా విడిపోతుంటే హీటర్ ఇంకా కుదురుకోకుండానే పని మొదలుపెడుతున్నారన్నమాట.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. ఎథిలీన్ ఆక్సైడ్ స్టెరిలైజేషన్‌కి (ఆ వాయువుతో సూక్ష్మజీవుల్ని చంపడానికి) ముందు సీల్ బాగుండి, తర్వాత విడిపోతోందా? ఛాంబర్‌లో గాలి లాగేటప్పుడు పౌచ్ లోపలి గాలి ఉబ్బుతుంది. వాక్యూమ్ వేగం పెంచితే బలహీనమైన సీల్ అక్కడే ఊడుతుంది. కాబట్టి ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నుంచి స్టెరిలైజేషన్‌కి ముందు కొన్ని, తర్వాత కొన్ని పౌచ్‌లు తీసి పీలింపు బలం (సీల్‌ని లాగి విప్పడానికి పట్టే బలం) కొలిచి పోల్చండి. కాగితం–ప్లాస్టిక్ పౌచ్‌లకు యూరప్ ప్రమాణం ఈఎన్ 868-5 ప్రకారం 15 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీకి కనీస బలం ఆవిరి స్టెరిలైజేషన్‌కి 1.5 న్యూటన్లు, ఇతర పద్ధతులకి 1.2. రంగు ద్రవంతో లీకు పరీక్ష చేస్తే కొన్ని సెకన్లలోనే చూసి రాసుకోవాలి. ఆలస్యం చేస్తే రంగు టైవెక్‌లోకి (పౌచ్‌కి వాడే, గాలి చొరబడే పొరలోకి) ఇంకి, లేని లీకు ఉన్నట్టు కనిపిస్తుంది.

‘మళ్లీ శిక్షణ’ వాదన తేల్చడానికి ఒక్క కాగితం చాలు, ఆ ఆపరేటర్ పాత శిక్షణ రికార్డు. అదే పనిలో అదే పరీక్ష పాసయ్యాడని అందులో ఉంటుంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఒకసారి శిక్షణతో ఆగని లోపం రెండోసారి శిక్షణతో ఎందుకు ఆగుతుందో కాపా ఫారంలో రాయమంటే ఎవరూ రాయలేరు.

ఇక గడువు సంగతి. 30 రోజులన్న లెక్క వైద్య పరికరాల క్వాలిటీ ప్రమాణం ఐఎస్ఓ 13485లో లేదు, మన 2017 వైద్య పరికరాల నియమాల్లోనూ లేదు. అది మీ కంపెనీ సొంత ఎస్ఓపీలో (రాసిపెట్టుకున్న పని పద్ధతిలో) పెట్టుకున్నది. ఐఎస్ఓ ప్రమాణంలోని 8.5.2 అడిగేది వేరు: అనవసర జాప్యం లేకుండా చర్య తీసుకోవాలి, ఆ చర్య పనిచేసిందని చూపించాలి. మీ ఎస్ఓపీలో పొడిగింపు నిబంధన దాదాపు తప్పకుండా ఉంటుంది. దాని ప్రకారం కారణం, కొత్త తేదీ, ఈలోపు తీసుకుంటున్న తాత్కాలిక జాగ్రత్తలు – ఉదాహరణకు ప్రతి గంటకీ ఐదు పౌచ్‌ల పీలింపు పరీక్ష – రాసి ఆమోదం కోరండి. అడగడం నోటితో కాదు, మెయిల్‌లో. ఫలితం తేల్చడానికి ‘తర్వాతి మూడు లాట్లలో సీల్ విడిపోవడం సున్నా, పీలింపు బలం ఇంతకు తగ్గకూడదు’ అని ముందే అంకె పెట్టుకోండి. మూసేశాక పెట్టుకునే అంకెకు విలువ లేదు.

వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అదే యంత్రం మీద అతికిన లాట్లు ఇప్పటికే ఆసుపత్రులకు వెళ్లాయా? సీల్ విడిపోయిందంటే లోపలి కాథెటర్ స్టెరైల్ కాదు. అదే ఐఎస్ఓ ప్రమాణం 8.3.3 ప్రకారం డెలివరీ తర్వాత బయటపడిన లోపానికి వేరే చర్య ఉంది. మన నియమాల ప్రకారం అనుమానిత, ఊహించని తీవ్ర దుష్ప్రభావం ఏదైనా లైసెన్సుదారు దృష్టికి వస్తే 15 రోజుల్లో లైసెన్సింగ్ అధికారికి తెలపాలి. మీ మేనేజర్ 30 రోజులు లెక్కపెడుతున్నారు కానీ, మీ కంపెనీ మెడ మీద నిజంగా వేలాడేది ఈ 15 రోజుల గడువే.

ప్రశ్న: బ్యాచ్ రికార్డులో గత వారం ఖాళీగా వదిలేసిన చోట్ల ఇప్పుడు పాత తేదీతో సంతకాలు పెట్టమంటున్నారు. ఆడిట్ సోమవారం. ‘అందరూ పెట్టారు, నీకొక్కడికే ఏంటి నొప్పి’ అంటున్నారు. – పేరు వద్దు, విశాఖపట్నం

పెట్టకండి. అలాగని ఆ గడి ఖాళీగానూ వదలకండి. మీరు ఆ పని నిజంగా చేసి సంతకం మరిచిపోయి ఉంటే, ఇవాళ్టి తేదీతో ‘ఆలస్యంగా నమోదు, పని ఫలానా తేదీన ఫలానా షిఫ్టులో జరిగింది, ఆధారం ఫలానా చార్టు’ అని రాసి సంతకం చెయ్యండి. ఇది నేరం కాదు. ఆడిటర్లు దీన్ని రోజూ చూస్తారు, మహా అయితే చిన్న వ్యాఖ్య రాస్తారు. ఆ పని మీరు చెయ్యలేదా, చేసింది ఎవరో తెలియదా? అప్పుడు డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నమోదు) తెరవాలి. వేరే మనిషి బదులు సంతకం మాత్రం ఎవరు చెప్పినా పెట్టవద్దు. తప్పు రాసిన చోట ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి అక్షరాలు, తేదీ వేయాలి. వైట్‌నర్ కనబడితే ఆడిటర్ ఆ పేజీతో ఆగడు, ఆ వారమంతా తవ్వుతాడు.

పాత తేదీ సంతకాలు ఎలా దొరుకుతాయో చెబితే మీ పైవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారు. ఆడిటర్ బయోమెట్రిక్ హాజరు అడుగుతాడు. మీరు సంతకం పెట్టిన రోజు మీరు సెలవులో ఉన్నారని అందులో ఉంటుంది. స్టెరిలైజర్ చార్ట్ రికార్డర్ సమయం రికార్డులోని సమయంతో కలవదు. కాలిబ్రేషన్‌కి పంపిన టార్క్ స్క్రూడ్రైవర్‌తో అదే రోజు కొలతలు తీసినట్టు ఉంటుంది. పది పేజీల మీద ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే రాత తీరు. వీటిలో ఏ ఒక్కటి దొరికినా చిన్న వ్యాఖ్యతో పోయేది పెద్ద నాన్ కన్ఫార్మిటీ (ప్రమాణ ఉల్లంఘన) అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనైతే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆడిట్ ట్రయిలే చెప్పేస్తుంది. మీ లాగిన్ పాస్‌వర్డు ఇంకొకరికి ఇచ్చారంటే మీ సంతకం ఇచ్చినట్టే.

కాదనడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. ‘సార్, ఇవాళ్టి తేదీతో ఆలస్యం నమోదు ఇప్పుడే రాసిస్తాను, సోమవారం లోపు అన్నీ అయిపోతాయి’ అనండి. ఆడిటర్ ముందు గడి నిండుగా ఉండాలన్నదే వాళ్ల అవసరం. అది తీరే దారి మీరే చూపించినప్పుడు చాలామంది పట్టుపట్టరు. అయినా పట్టుపడితే ఆ సంభాషణ జరిగిన రోజే తేదీ, సమయం, ఎవరెవరున్నారో సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి.

ప్రశ్న: క్లీన్‌రూమ్‌లో లైన్ సూపర్‌వైజర్‌ని. నా లైన్‌లో 12 మంది ఆడపిల్లలు. లోపలికి వెళ్తే బాత్రూమ్‌కి రావడానికి గౌను విప్పి మళ్లీ వేసుకోవాలి కాబట్టి చాలామంది నీళ్లే తాగడం లేదు. పైవాళ్లకు చెబితే ‘టార్గెట్ చూడమ్మా’ అంటారు. – జి.ఆర్., మెదక్

పైవాళ్లకు టార్గెట్ భాషలోనే చెప్పండి. గౌను విప్పి, వెళ్లి, చేతులు కడుక్కుని మళ్లీ వేసుకుని లైన్‌కి రావడానికి 25 నిమిషాలు పడుతుందనుకోండి. ఒక్కొక్కరికి భోజనం, టీ విరామాలు కాక షిఫ్టుకి ఒకసారి అదనంగా వదిలితే 12 మందికి 300 నిమిషాలు. అంటే ఒక రిలీవర్ (వాళ్ల బదులు నిలబడే మనిషి) ఐదు గంటల పని. ఎనిమిది గంటల షిఫ్టులో ఆ రిలీవర్‌కి మూడు గంటలు ఇంకా మిగులుతాయి, ప్యాకింగ్‌కి వాడుకోవచ్చు. ఎటొచ్చీ ఆ రిలీవర్ లైన్‌లోని ప్రతి స్టేషన్‌కీ శిక్షణ పొందినట్టు ట్రెయినింగ్ మాట్రిక్స్‌లో (ఎవరికి ఏ పనిలో శిక్షణ ఉందో చూపే పట్టికలో) ఉండాలి. లేకపోతే ఆడిట్‌లో దొరుకుతారు.

దీంతోపాటు రెండు వారాల రిజెక్షన్ లెక్కను గంటల వారీగా విడగొట్టండి. చివరి రెండు గంటల్లో గ్లూ ఎక్కువ పడడం, వెంట్రుకలు దొరకడం వంటివి పెరుగుతున్నాయని తేలితే ఆ కాగితం ‘నీళ్లు తాగడం లేదు’ అన్న మాట కన్నా గట్టిగా మాట్లాడుతుంది. ఇలా లెక్కలతో అడగవలసి రావడం సిగ్గుచేటే, అది వేరే మాట.

మీరు అడగకపోయినా మరో రెండు సంగతులు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు వేతనం చట్టం చెప్పింది. ‘కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తాం’ అని దాన్ని ఎగ్గొట్టకూడదు. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దాని సభ్యుల పేర్లు గౌనింగ్ గది బయట గోడ మీద కనిపిస్తున్నాయో లేదో ఒకసారి చూడండి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలన్న సంగతి చాలామంది పిల్లలకు తెలియదు, మీరు చెప్పండి.

ప్రశ్న: ఆర్థోపెడిక్ ఇంప్లాంట్ల సేల్స్. అర్ధరాత్రి ఫోన్ వస్తే ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లాలి, డెలివరీ చలాన్ లేకుండా సెట్లు మొయ్యాలి, డాక్టరుగారి టూరు ఖర్చు నా రీయింబర్స్‌మెంట్‌లో చూపించాలి. – విజయవాడ

మూడో పని ఈరోజే మానండి. 2024 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన వైద్య పరికరాల మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు, వారి కుటుంబాలకు బహుమతులు, విహారయాత్రలు కుదరవంటోంది. బిల్లు మీ పేరు మీద ఉంది. రేపు తేడా వస్తే ‘ఆ కుర్రాడు మాకు తెలియకుండా చేశాడు’ అనడానికి కంపెనీకి సిద్ధంగా దొరికే మనిషి మీరే.

చలాన్ లేకుండా సెట్ కదలకూడదు. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఇబ్బంది ఎలాగూ ఉంది, కానీ అసలు ప్రమాదం ట్రేసబిలిటీ తెగిపోవడం. ఏ లాట్ స్క్రూ ఏ రోగి ఒంట్లో ఉందో తెలియకపోతే రీకాల్ వచ్చినప్పుడు ఎవర్ని పిలవాలో తెలియదు. ఇంప్లాంట్‌తో వచ్చే స్టిక్కర్లు కేస్ షీట్‌లో ఒకటి, బిల్లులో ఒకటి పడేదాకా థియేటర్ నుంచి కదలకండి. ట్రేలో గడువు దాటిన స్టెరైల్ ప్యాక్ కనిపిస్తే సర్జన్‌కి అప్పుడే చెప్పండి. తర్వాత చెబితే అప్పటికే ఆలస్యం. మీరు స్క్రబ్ అవ్వకూడదు (చేతులు శుభ్రం చేసుకుని ఆపరేషన్ బృందంలో చేరకూడదు), పరికరం చేత్తో అందించకూడదు. మీ చోటు సర్జన్ వెనక, స్టెరైల్ ఫీల్డ్ బయట.

ప్రశ్న: రెండేళ్ల బాండు, 3 లక్షలు కట్టాలని రాయించుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఏడాదికే మానేద్దామనుకుంటున్నాను. – బి.వి., హైదరాబాద్

‘బాండ్లు చెల్లవు’ అని స్నేహితులు చెప్పేది సగమే నిజం. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద నిలవదు. కానీ ఇన్నాళ్లు పనిచేస్తాననీ, ముందే మానేస్తే ఇంత ఇస్తాననీ రాసే బాండు వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, 2 లక్షల బాండు చెల్లుతుందని తేల్చింది. అయితే సెక్షన్ 74 ప్రకారం దక్కేది సమంజసమైన పరిహారమే, రాసిన మొత్తం దానికి పైపరిమితి. కాబట్టి కంపెనీ మీ శిక్షణకు నిజంగా ఖర్చుపెట్టిందేమిటో రాతపూర్వకంగా అడగండి. బయటి ఆడిటర్ కోర్సుకి 40 వేలు కట్టి ఉంటే బేరం అక్కడ మొదలవుతుంది, 3 లక్షల దగ్గర కాదు.

ఒరిజినల్స్ తిరిగి ఇవ్వమని రాజీనామాకి ముందే వేరే మెయిల్ పెట్టండి, బ్యాంకు లోన్‌కో వీసాకో అవసరమని చెప్పవచ్చు. చివరి రోజు తర్వాత రెండు పని దినాల్లో వేతన బకాయిలు చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. మానేముందు పేస్లిప్పులు, ఆఫర్ లెటరు, పీఎఫ్ పాస్‌బుక్ కాపీలు తీసిపెట్టుకోండి. కంపెనీ డ్రాయింగులు, కాపా రికార్డులు, ఆడిట్ రిపోర్టులు సొంత మెయిల్‌కి పంపుకోకండి. ‘ఆధారం’ అనుకుని పంపుకున్నవారు చివరికి డేటా చోరీ నోటీసు అందుకుంటారు.

ప్రశ్న: మిన్నియాపోలిస్‌లో హెచ్-1బీ మీద డిజైన్ ఇంజినీరుని. రిస్క్ ఫైల్‌లో (పరికరంతో రాగల ప్రమాదాల రికార్డులో) ఒక వైఫల్యం తీవ్రతను తగ్గించి రాయమంటున్నారు. ఎదురు చెబితే ఉద్యోగం, వీసా రెండూ పోతాయేమో. – ఎన్.ఆర్.

మీ ఊళ్లోనే బయటపడిన కేసు ఒకటి మీ మేనేజర్‌కి తప్పకుండా తెలిసి ఉంటుంది. గైడెంట్ కంపెనీ తన గుండె డీఫిబ్రిలేటర్‌లో (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరంలో) షార్ట్ సర్క్యూట్ లోపం కనిపెట్టి, 2002లో డిజైన్ మార్చింది. కానీ పాత నమూనాలు ఒంట్లో ఉన్న రోగుల డాక్టర్లకు చెప్పలేదు. 2005లో 21 ఏళ్ల కుర్రాడు చనిపోయాక మిన్నియాపోలిస్ డాక్టర్లిద్దరు దాన్ని బయటపెట్టారు. 2010లో కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది, చెల్లించింది 29 కోట్ల డాలర్లకు పైనే. శిక్ష పడింది లోపం ఉన్నందుకు కాదు, దాని గురించి అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి చెప్పవలసింది చెప్పనందుకు.

మీరు చెయ్యగలిగింది తీవ్రత అంకెను వాదనగా కాక లెక్కగా మార్చడం. రిస్క్ ప్రమాణం ఐఎస్ఓ 14971 ప్రకారం తీవ్రత అంటే జరిగితే కలిగే హాని ఎంత అన్నది. ఎంత తరచుగా జరుగుతుందన్నది వేరే అంకె. ‘అరుదు కదా’ అని తీవ్రత తగ్గించమంటే రెండింటినీ కలిపేస్తున్నారు. అరుదైతే సంభావ్యత అంకె తగ్గించండి, దానికి డేటా జతచేయండి అని డిజైన్ రివ్యూలో మినిట్స్‌కి ఎక్కేలా అడగండి. రివ్యూలో స్వతంత్ర సమీక్షకుడు ఉంటే ఆయనకు ముందే కాగితం పంపండి. మరో సంగతి: 2026 ఫిబ్రవరి 2 నుంచి ఎఫ్‌డీఏ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇదివరకు తనిఖీ అధికారులకు దాచుకోగలిగిన అంతర్గత ఆడిట్, మేనేజ్‌మెంట్ రివ్యూ రికార్డులకు ఇప్పుడు ఆ రక్షణ లేదు. ఈ ఒక్క వాక్యం సమావేశంలో మెల్లగా అంటే చాలు.

ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ ఉంటుంది, ఐ-94 (ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు ముందే ముగిస్తే అంతవరకే. అందుకని గొడవ మొదలవకముందే సొంత ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి. కంపెనీ లాయరు కంపెనీ మనిషి.

ప్రశ్న: చిన్న డయాగ్నొస్టిక్ కిట్ల కంపెనీ నాదే. ఏడాదిలో నలుగురు క్వాలిటీవాళ్లు వెళ్లిపోయారు. జీతం తక్కువేం కాదు. – యజమాని, గుంటూరు

మీ ఆర్గనైజేషన్ చార్ట్‌లో క్వాలిటీ హెడ్ ఎవరికి రిపోర్ట్ చేస్తున్నారు? ప్రొడక్షన్ హెడ్‌కైతే జవాబు దొరికినట్టే. లాట్ ఆపమని చెప్పవలసిన మనిషి, లాట్ పోతే బోనస్ పోయే మనిషి కింద పనిచేస్తున్నాడు. క్వాలిటీని నేరుగా మీ కింద పెట్టుకోండి. గత ఏడాదిలో క్వాలిటీ ఆపిన లాట్లలో ఎన్ని మీ సంతకంతో విడుదలయ్యాయో లెక్కేయండి. నలుగురు వెళ్లిన నెలలతో ఆ తేదీలు పోల్చండి.

రెండోది, ‘ఓపెన్ కాపా సున్నా’ అన్నది ఎవరి బోనస్‌లోనైనా ఉంటే తీసేయండి. దాన్ని పెట్టిన రోజు నుంచి సమస్యలు తగ్గవు, రాయడం తగ్గుతుంది. బదులుగా అదే కారణంతో తిరిగి తెరిచిన కాపాలు ఎన్ని, ఫిర్యాదు రాకముందే లోపల పట్టుకున్న లోపాలు ఎన్ని అని చూడండి. రెండో అంకె పెరిగితే కంగారుపడకండి, ఆ పెరుగుదల మంచిదే. నెలకోసారి వాట్సాప్ గ్రూపులో ‘ఎవరు చేశారిది?’ అని పెట్టే అలవాటుంటే అది మాత్రం ఇవాళే మానండి. ఆ మెసేజ్ తర్వాత రిఫ్రిజిరేటర్ 8 డిగ్రీలు దాటిన సంగతి ఎవరూ మీకు చెప్పరు. రీఏజెంట్ పాడైన సంగతి ల్యాబ్ నుంచి వచ్చిన ఫిర్యాదులోనే తెలుస్తుంది.

ఇప్పుడు పోతున్న ఐదో మనిషి ఉంటే ఎగ్జిట్ ఇంటర్వ్యూ హెచ్ఆర్‌తో కాక మీరే చెయ్యండి. ఒక్కటే అడగండి: ‘నువ్వు ఆపాలనుకుని ఆపలేకపోయిన లాట్ ఏది?’ నంబర్ చెబితే ఆ లాట్ రిటెన్షన్ శాంపిల్ (దాచిపెట్టిన నమూనా) తీసి పరీక్షకు పంపండి. అప్పగింతలో తెరిచి ఉన్న కాపాలు, బాకీ ఉన్న సరఫరాదారుల ఆడిట్లు, కాలిబ్రేషన్ తేదీలు, లైసెన్సింగ్ అధికారికి పంపవలసిన ఉత్తరాలు ఒక జాబితాగా తీసుకోండి. మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్‌గా (యాజమాన్యం తరఫున క్వాలిటీ వ్యవస్థ బాధ్యుడిగా) ఉన్నది ఆ మనిషే అయితే, కొత్తవారి నియామక ఉత్తరం ఆయన చివరి రోజుకు ముందే సంతకం అయ్యేలా చూసుకోండి.